వేసవి చేజారకుండా: మూడు కార్తెలు, ఒక నీడకర్ర

మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా ఏప్రిల్ 24న సెలవులు మొదలవుతాయి, జూన్ 12న బళ్ళు తెరుస్తారు. 49 రోజులు. అయినా జూన్ వచ్చేసరికి "అప్పుడే అయిపోయాయా" అనని పిల్లలు లేరు, టీచర్లూ లేరు. నేను నూజివీడు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉండగా పదో తరగతి పేపర్లు దిద్దడం, ట్రైనింగులతోనే ఎండాకాలం సగం గడిచేది. ఇప్పుడు ఆ పనులేవీ లేవు, కానీ వేసవి అంతే వేగంగా పోతోంది. ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా కనిపించకపోతే నెల రోజులూ కలిసి ఒక్క మధ్యాహ్నంలా తోస్తాయి. కాబట్టి ఆ తేడా కంటికి కనబడేలా చేసుకోవాలి. హైదరాబాద్ నుంచి మనవలు వచ్చినప్పుడు మా ఇంట్లో ఏం చేస్తామో చెబుతాను.

ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి కార్తెలు చూడండి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడని మన పెద్దల లెక్క. ఏప్రిల్ 27 దగ్గర భరణి, మే 11 దగ్గర కృత్తిక, మే 25 దగ్గర రోహిణి, జూన్ 8 దగ్గర మృగశిర వస్తాయి. అంటే సెలవుల్లో నిండుగా ఉండేవి మూడు కార్తెలే. ఆ తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కార్తెకు ఒక్క పని రాయండి. రెండోది రాయొద్దు. రాశారంటే టెన్షన్ మొదలవుతుంది.

ఇక నీడకర్ర. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. పెరట్లో చదునైన చోట మీటరు పొడవు తిన్నని కర్ర పాతండి. డాబా మీదైతే పాత పెయింటు డబ్బాలో ఇసుక నింపి నిలబెట్టండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిలువుగా ఉందో లేదో తెలిసిపోతుంది. రోజూ నీడ బాగా పొట్టిదయ్యే వేళకు దాని కొసన గుర్తు పెట్టాలి. మా వైపు ఆ వేళ మే నెలలో సుమారు 12:03, హైదరాబాద్‌లో 12:12, విశాఖలో 12కి ఆరేడు నిమిషాల ముందే. ఎందుకలా అని పిల్లలు అడిగితే వెంటనే జవాబు చెప్పకండి, మ్యాప్ ముందు కూర్చోబెట్టండి.

సెలవులు మొదలైన రోజున నీడ కర్రకు ఉత్తరాన 7 సెంటీమీటర్లు ఉంటుంది. రోజురోజుకీ తగ్గుతూ మే 7 ప్రాంతంలో మా ఊళ్ళో పూర్తిగా మాయమవుతుంది, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. తిరుపతిలో ఇది ఏప్రిల్ 27 దగ్గరే అయిపోతుంది. హైదరాబాద్‌లో మే 9, విశాఖలో మే 10 దగ్గర చూడొచ్చు. ఆ మర్నాటి నుంచి నీడ దక్షిణానికి పడుతుంది! సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి వెళ్ళాడన్న మాట. పుస్తకంలో ఎన్ని బొమ్మలు గీసినా పిల్లల ముఖంలో ఆ ఆశ్చర్యం నేను తెప్పించలేను. జూన్ 12కి నీడ దక్షిణాన 11 సెంటీమీటర్లకు చేరుతుంది. ఆ గుర్తుల వరస చూస్తే వేసవి ఎంత నడిచిందో నేల మీదే తెలుస్తుంది. పిల్లలకు టోపీ, కాళ్ళకు చెప్పులు తప్పనిసరి. గుర్తు పెట్టగానే లోపలికి తీసుకొచ్చి మజ్జిగ ఇవ్వండి. రోహిణిలో అసలే రోళ్ళు పగిలే ఎండలు.

కార్తెల పనుల్లో భరణికి మేం వడియాలు పెట్టుకుంటాం. తాటి ముంజలు కూడా అప్పుడే తినాలి, మే నెలాఖరుకి గట్టిపడిపోతాయి. కృత్తికలో ఆవకాయ. కారం కలపడం పెద్దవాళ్ళ పని. ముక్కల్లోంచి జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిబట్టతో తడి లేకుండా తుడవడం మాత్రం పిల్లలకే వదిలేయండి. మూడో రోజు తిరగకలిపేటప్పుడు వాళ్ళని పిలవండి, వేడన్నంలో మొదటి ముద్ద వాళ్ళకే పెట్టండి.

రోహిణికి రసాలు పండుతాయి కాబట్టి తాండ్ర. రసం వడకట్టి కాస్త బెల్లం కలిపి, నెయ్యి రాసిన పళ్ళెంలో పల్చగా పోసి, పైన పల్చటి బట్ట కప్పి ఎండబెట్టాలి. ఆరిన పొర మీదే మర్నాడు ఇంకో పొర. కింది పొర తడిగా ఉండగా పోస్తే బూజు పడుతుంది, తొందరపడొద్దు. మబ్బు పట్టిన రోజున పొర పడదు. పక్క నుంచి చూసి ఎన్ని పొరలో పిల్లలే లెక్కపెడతారు.

రోజంతా నింపే సమ్మర్ క్యాంపులు నాకు నచ్చవు. పొద్దున ఈత నేర్పించండి, మంచిదే. మధ్యాహ్నం మాత్రం మామ్మ దగ్గరో తాతయ్య దగ్గరో ఉండనివ్వండి.

పిల్లలు వెళ్ళాక కర్ర పీకేయకండి. సూర్యుడు తిరిగి వచ్చేటప్పుడు నీడ ఇంకోసారి మాయమవుతుంది: హైదరాబాద్‌లో ఆగస్టు 3 ప్రాంతంలో, మా వైపు 5 ప్రాంతంలో. మబ్బు లేకపోతేనే కనిపిస్తుంది. ఆ తేదీలకు కూడా ఇప్పుడే ఎర్ర సున్నా చుట్టి, ముందురోజు రాత్రి మనవలకు ఫోన్ చేయండి.