తడి చెత్తకు ఇన్సినరేటర్ ఎలా కట్టుకోవాలి?

తడి చెత్తకుప్ప మీద డీజిల్ పోసి అగ్గిపుల్ల గీస్తే, డీజిల్ ఉన్నంతసేపు మంట ఉంటుంది. ఆ తర్వాత పొద్దంతా పొగే. మర్నాడు కర్రతో కెలికితే లోపల విస్తర్లు అలాగే పచ్చిగా కనిపిస్తాయి. చెత్త కాలలేదు, కమిలింది అంతే. కారణం ఒక్కటే, అందులోని నీళ్లు.

ఇన్సినరేటర్ అంటే చెత్తను బూడిద చేసే పొయ్యి. ఆ మాట అనగానే అందరూ పెద్ద మంట గురించి, పొడవాటి గొట్టం గురించి ఆలోచిస్తారు. తడి చెత్త విషయంలో ముందు ఆలోచించాల్సింది ఆరబెట్టడం గురించి. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ పుష్కలంగా ఉంటుంది, అదీ ఉచితంగా. దాన్ని వదిలేసి డీజిల్ కొనడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అందుకే ఇక్కడ చెప్పే డిజైన్‌లో సగం పని పొయ్యి బయటే జరుగుతుంది.

ఇది ఊరి శివార్లలోని హాస్టల్, ఫంక్షన్ హాలు, చెత్తబండి రోజూ రాని చిన్న సంస్థ కోసం. రోజుకు సుమారు 60 కిలోల తడి చెత్త లెక్కన కొలతలు ఇస్తున్నాను.

ముందు అనుమతి, తర్వాత ఇటుక

బహిరంగంగా చెత్త తగలబెట్టడం నేరం. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దీనికి మామూలుగా 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా పెట్టింది. ఇన్సినరేటర్ కట్టినా ఇష్టం వచ్చినట్టు కాల్చకూడదు. రెండు గదులుండాలని (ఒకదాంట్లో చెత్త, రెండోదాంట్లో దాని పొగ కాలేలా), రెండో గదిలో కనీసం 950 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలని, పొగ ఆ వేడిలో కనీసం 2 సెకన్లు నిలవాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. కాబట్టి డ్రాయింగ్ వేసుకుని మున్సిపాలిటీనో పంచాయతీనో, కాలుష్య నియంత్రణ మండలినో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే పునాది తవ్వండి. ఆసుపత్రి చెత్త మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇందులో వేయకూడదు. దానికి చట్టం వేరు, తీసుకెళ్లే బండి వేరు.

ఏం కాల్చాలి, ఏం కాల్చకూడదు

అన్నం, కూరలు, పండ్ల తొక్కలు, పూలు కాల్చడం దండగ. అవి పశువులకో, ఎరువు గుంతకో, బయోగ్యాస్‌కో పోవాలి. అవి తీసేశాక మిగిలేవి ఎరువు కానివి, ఎవరూ కొననివి: కూరలంటిన పేపర్ ప్లేట్లు, తడిసిన టిష్యూలు, జిడ్డు గుడ్డలు, హాస్టళ్లలో శానిటరీ ప్యాడ్లు. ఇన్సినరేటర్ కావాల్సింది వీటికే.

పీవీసీ పైపు ముక్కలు, ఫ్లెక్సీలు, రెక్సిన్, వైర్ల తొడుగులు ఒక్క ముక్క కూడా లోపలికి పోకూడదు. వాటిలోని క్లోరిన్ మంటలో ఆమ్లపు పొగగా, డయాక్సిన్లనే విషాలుగా మారుతుంది. ఫంక్షన్ హాళ్లలో ఫ్లెక్సీ ముక్కలు ప్లేట్ల మధ్యకు చేరడం మామూలే కాబట్టి, వేరు చేసే మనిషికి ముందే చూపించి చెప్పండి. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, స్ప్రే డబ్బాలు, గాజు కూడా వద్దు.

నీళ్ల లెక్క

ఈ లెక్క కాస్త ఓపికగా చదవండి, డిజైన్ అంతా దీని మీదే నిలబడి ఉంది.

60 కిలోల చెత్తలో 70 శాతం నీళ్లనుకుందాం. అంటే నీళ్లు 42 కిలోలు, నిజంగా మండే ఎండు పదార్థం 18 కిలోలు. ఒక కిలో నీటిని మరిగించి ఆవిరి చేయడానికి 610 కిలోక్యాలరీలు కావాలి. ఆ ఆవిరి కూడా పొయ్యిలోనే ఉంటుంది కాబట్టి అది 850 డిగ్రీలదాకా వేడెక్కడానికి ఇంకో 375 పోతాయి. వెరసి కిలో నీటికి దాదాపు 1,000 కిలోక్యాలరీలు.

ఎండు పదార్థం కిలోకు 3,800 కిలోక్యాలరీల చొప్పున 18 కిలోలు మొత్తం 68,000 ఇస్తాయి. చూడటానికి ఎక్కువే. కానీ మంటకు గాలి కావాలి, చేత్తో వేసే పొయ్యిలో అవసరానికి రెట్టింపు గాలి పోతుంది. ఆ గాలిని వేడెక్కించడానికే 46,000 ఖర్చు. గోడల గుండా పోయే వేడి ఇంకో 10,000. మిగిలేది 12,000. అంటే 18 కిలోల ఎండు పదార్థం 12 కిలోల నీటిని మాత్రమే మోయగలదు. మన దగ్గర ఉన్నవి 42 కిలోలు!

మిగతా 30 కిలోల నీటిని ఆవిరి చేయడానికి శనక్కాయ పొట్టు వేద్దామంటే, పొట్టుకు కూడా గాలి, గోడల ఖర్చు ఉంటుంది కాబట్టి దాదాపు 45 కిలోలు కావాలి. 60 కిలోల చెత్తకు 45 కిలోల పొట్టు! ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో 1987లో డెన్మార్క్ సాంకేతికతతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంట్ పెట్టి, కొద్ది రోజులకే ఆపేయాల్సి వచ్చింది. అక్కడి చెత్తలో మండే సరుకు తక్కువ, తడి, మట్టి ఎక్కువ. అంత పెద్ద ప్లాంటుకే కుదరనిది మన చిన్న పొయ్యికీ కుదరదు.

ఇంత లెక్క ఎప్పుడూ వేయక్కర్లేదు. గుర్తు ఒకటి చాలు: కిలో తడి చెత్త తూచి ఆరబెట్టండి, అది అరకిలో అయితే పొయ్యికి సిద్ధం. అప్పుడు అందులో నీళ్లు 40 శాతమే.

ఆరబెట్టే కళ్లం

4 మీటర్లు వెడల్పు, 6 మీటర్లు పొడవు స్థలం చాలు. రెండు భాగాలు చేసి ఒకదాంట్లో ఈరోజు చెత్త, ఇంకోదాంట్లో నిన్నటిది వేయండి. కింద నల్ల బండలు పరచండి, ఎండకు బాగా కాలతాయి. బండల మీద అడుగు ఎత్తులో ఇనుప కాళ్ల మీద జాలీ బిగించి, చెత్తను దాని మీద నాలుగు వేళ్ల మందం మించకుండా పలుచగా పరచాలి. కింద వేడి బండ, పైన ఎండ, మధ్యలో గాలి. వేసవిలో ఒక్క పూటలో సగం బరువు తగ్గే రోజులుంటాయి, చలికాలంలో రెండు రోజులు పడుతుంది. మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. కారే నీళ్లు ఒక మూలకు పోయేలా వాలు ఇచ్చి, అక్కడ చిన్న ఇంకుడు గుంత తవ్వండి. అది బావికి, బోరుకు దూరంగా ఉండాలి. కుక్కలు, పందులు, కాకులు రాకుండా చుట్టూ, పైనా వల తప్పనిసరి.

ప్యాడ్లు కళ్లంలో ఆరబెట్టకూడదు. కాగితంలో చుట్టినవి చుట్టినట్టే మూత ఉన్న డబ్బాలో ఉంచి, పొయ్యి బాగా ఎర్రబడ్డాక ఎండు చెత్త మధ్యలో కొన్ని కొన్నిగా వేయాలి.

పొయ్యి కొలతలు

మొదటి గది లోపలి కొలతలు: పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 90. ఇందులో ఒక సగం ఇనుప జల్లెడ, మంట ఉండేది దాని మీదే. రెండో సగం జల్లెడ వైపు వాలిన ఫైర్ బ్రిక్ (పెద్ద వేడికి తట్టుకునే ఇటుక) అరుగు. చెత్త వేసే తలుపు అరుగు వైపే ఉండాలి. చెత్త ముందు అరుగు మీద పడి, మిగిలిన తడి ఆరాక, సలాకీతో తోస్తే జల్లెడ మీదకు జారుతుంది. పొగ బయటకు పోయే దారి కూడా అరుగు పైనే పెట్టాలి. అప్పుడు మంట జల్లెడ మీద లేచి, అరుగు మీదుగా సాగి, అక్కడి చెత్తను ఆరబెట్టి రెండో గదిలోకి పోతుంది. చాలామంది పొగ దారిని జల్లెడకు నేరుగా పైన పెట్టేస్తారు. అలా చేస్తే వేడంతా గొట్టంలోకి పోయి అరుగు చల్లగా మిగిలిపోతుంది.

రెండు గదుల మధ్య సందు 25 బై 15 సెంటీమీటర్లు. సందు ఇరుకుగా ఉంటేనే పొగ వేగంగా, సుడులు తిరుగుతూ పోయి గాలితో కలుస్తుంది. అక్కడే గోడలో అంగుళం పైపులు నాలుగు పెట్టి బయటి గాలి ఇవ్వండి.

రెండో గది 60 బై 60, ఎత్తు 80 సెంటీమీటర్లు. గంటకు 15 కిలోల ఆరిన చెత్త కాలితే సెకనుకు సుమారు 0.12 ఘనమీటర్ల వేడి పొగ వస్తుంది. గది ఘనపరిమాణం 0.29 ఘనమీటర్లు. అంటే పొగ అందులో 2 సెకన్లకు పైనే ఉంటుంది. చెత్త మంట ఒక్కటే ఈ గదిని 950 దాకా తీసుకెళ్లదు, కాబట్టి ఇక్కడ ఒక గ్యాస్ లేదా డీజిల్ బర్నర్ ఉండాలి. రెండో గది పైభాగంలో థర్మోకపుల్ (వేడిని కొలిచే కడ్డీ) పెట్టి మీటర్ బయట బిగించండి. ఈ మీటర్ ఖర్చు మాత్రం మిగల్చాలని చూడకండి.

ఏ రాయి, ఏ ఇటుక?

మన జిల్లాల్లో ఏది కట్టాలన్నా ముందు చేతికి తగిలేది బండే. కడప బండ, తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ ఏదైనా సరే, పొయ్యి లోపల పెట్టకండి. ఇవన్నీ సున్నపురాళ్లు. ముందు పొరలు పొరలుగా చిట్లుతాయి, పొరల మధ్య తేమ ఉంటే టప్పున పగిలి ముక్కలు ఎగురుతాయి. వేడి 850 దాటాక రాయి మెల్లమెల్లగా సున్నం అవుతుంది, సున్నపు బట్టీలో జరిగేది ఇదే. పొయ్యి చల్లారాక దాని మీద వాన చినుకు పడితే ఉబ్బి పొడి రాలుతుంది. పునాదికి, కళ్లానికి మాత్రం ఆ బండ బంగారం.

లోపలి గోడ ఫైర్ బ్రిక్స్‌తోనే కట్టాలి. సిమెంటు వద్దు, ఫైర్ క్లే (వేడికి తట్టుకునే బంకమట్టి) పలుచగా కలిపి ఇటుకను అందులో ముంచి పేర్చాలి. ఇటుకల మధ్య సందు ఎంత పలుచగా ఉంటే గోడ అంత కాలం ఉంటుంది. దీని బయట మూడు వేళ్ల ఖాళీ వదిలి ఊక బూడిద నింపి, ఆపైన మామూలు ఇటుక గోడ కట్టండి. ఇటుకలు వేడికి పెరుగుతాయి కాబట్టి మూలల్లో సన్నని సందు వదిలి, బయట యాంగిల్ ఇనుముతో నాలుగు వైపులా బిగించమని బేల్దారికి చెప్పండి. జల్లెడకు పోత ఇనుప కమ్మీలే వాడాలి. స్లాబుకు వేసే కమ్మీలు కొన్నాళ్లకే వంగిపోతాయి.

పొగగొట్టం మొదటి రెండు మీటర్లు ఫైర్ బ్రిక్‌తో, ఆపైన 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మందపాటి ఇనుప పైపుతో కట్టండి. మొత్తం ఆరు మీటర్లుంటే గాలి బాగానే లాగుతుంది. అయితే పక్క కప్పుల కన్నా రెండు మీటర్లైనా పైకి ఉండాలి, అనుమతి ఇచ్చేవాళ్లు ఇంకా ఎత్తు అడిగితే అంతే కట్టాలి. సిమెంటు గొట్టాలు, సిమెంటు రేకులు దగ్గరకు రానివ్వకండి. వేడికి పగులుతాయి, చాలావాటిలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకు పడమటి గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి పొయ్యి భవనానికి తూర్పు వైపు ఉంటే మంచిది. అటువైపు ఇళ్లుంటే ఆ స్థలం వదిలేసి వేరే చోటు చూడండి.

కట్టాక వెంటనే మంట పెట్టొద్దు

పది రోజులు ఆరనివ్వాలి. తర్వాత మూడు నాలుగు రోజులు రోజుకు కాస్త పెంచుతూ కట్టెలతో చిన్న మంట పెట్టాలి. తొందరపడి మొదటి రోజే పెద్ద మంట పెడితే గోడలోని తేమ ఆవిరై ఇటుకల్ని పగలగొడుతుంది.

రోజూ నడిపే పద్ధతి

ముందు రెండో గది బర్నర్ వెలిగించండి, చెత్త తర్వాత. మీటర్ 950 చూపించేదాకా జల్లెడ మీద కట్టెలు, శనక్కాయ పొట్టు మాత్రమే మండాలి. ఆ తర్వాత గంపలో సగం చొప్పున చెత్త వేయండి. ఒకేసారి గంపెడు కుమ్మరిస్తే మీటర్ పడిపోతుంది. 950 కిందకు జారుతుంటే చెత్త ఆపి, బర్నర్ పెంచి, మళ్లీ 950 దాటాకే వేయాలి. ఆరిన 30 కిలోలకు రెండు గంటలు పడుతుంది. వేసే మనిషికి తోలు గ్లవ్స్, కళ్లద్దాలు, కాటన్ బట్టలు ఉండాలి. తలుపు తెరిచేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడాలి.

గొట్టం వైపు తరచూ చూస్తూ ఉండండి. నల్లపొగ వస్తే గాలి చాలట్లేదు, సందు దగ్గరి పైపులు బూడిదతో మూసుకుపోయాయేమో చూడండి. తెల్లగా వచ్చి గొట్టం దాటిన కొద్ది అడుగుల్లోనే మాయమైతే అది ఆవిరి, ఫర్వాలేదు. తెల్లగానే ఉండి దూరం దాకా సాగుతూ కళ్లు మండిస్తుంటే అది కాలని పొగ. రెండో గది చల్లబడిందని, లేదా చెత్త పచ్చిగా ఉందని అర్థం. అప్పుడు చెత్త ఆపేయాలి.

చివరి గంప కాలాక బర్నర్ ఇంకో అరగంట నడవనివ్వండి, జల్లెడ మీద మిగిలిన నిప్పుల పొగ కూడా కాలాలి. బూడిదను మర్నాడు పొద్దున తీసి ఇనుప డ్రమ్ములో వేసి నీళ్లు చల్లండి, లోపల నిప్పు కణికలు మిగిలి ఉంటాయి. ప్యాడ్లు, ప్రింటు కాగితాలు కాల్చిన బూడిద పొలానికి పనికిరాదు. అనుమతిలో చెప్పిన చోటే పూడ్చాలి.

ముసురు పట్టిన వారాల్లో, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు వానల్లో, కళ్లం పని చేయదు. జాలీ మీద పారదర్శకమైన రేకులతో కొట్టం వేసుకుంటే కొంత ఆరుతుంది. అప్పటికీ కిలో చెత్త అరకిలో కాకపోతే పొయ్యి వెలిగించకండి. ఆ నాలుగు రోజులూ చెత్తను మూత డ్రమ్ముల్లో ఉంచి, మున్సిపాలిటీ బండినో పంచాయతీ ట్రాక్టర్‌నో పిలిచి అప్పగించండి.