ముక్కల అద్దం: కొలతలన్నీ సరిగ్గా ఉన్నా నక్షత్రం పదునుగా కనిపించకపోతే

కొన్ని పెద్ద టెలిస్కోపుల అద్దాన్ని ఒకే గాజుతో కాక, చిన్న ముక్కలను పక్కపక్కన పేర్చి చేస్తారు. అందులో నక్షత్రం ఒక్క చుక్కగా కాక పక్కపక్కనే అనేక చుక్కలుగా కనిపిస్తే ముక్కల వాలు తప్పినట్లే. ఏ ముక్కను కదిపితే ఏ చుక్క జరుగుతుందో చూసి, దాని వెనుక ఉన్న మూడు యాక్చుయేటర్లతో (ముక్కను కొద్దికొద్దిగా ఎత్తి దించే కదలిక యంత్రాలతో) సరిచేస్తే సరిపోతుంది.

అసలు చిక్కు చుక్కలన్నీ ఒకచోట చేరిన తరువాత మొదలవుతుంది. హవాయిలోని మౌనా కియాపై ఉన్న కెక్ టెలిస్కోపుల్లో ఒక్కో పది మీటర్ల అద్దానికి 36 ముక్కలు, వాటి మధ్య పక్క ముక్కల ఎత్తు తేడాను కొలిచే 168 అంచు సెన్సర్లు ఉన్నాయి. ముక్కల ఎత్తులు కలవకపోతే అంత పెద్ద అద్దమూ 1.8 మీటర్ల ముక్క ఒక్కటి ఇవ్వగలిగిన పదునును మించి ఇవ్వలేదు. గాలి అలజడి ఈ లోపాన్ని కప్పిపుచ్చుతుంది కనుక, ఆ అలజడిని సరిదిద్దే అడాప్టివ్ ఆప్టిక్స్ పెట్టిన రాత్రే అది బయటపడుతుంది.

అప్పుడు అందరూ సెన్సర్లను అనుమానిస్తారు. నేనూ ఒకచోట వరుసగా మూడు రాత్రులు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చున్నాను. సెన్సర్‌కు ఏది సరైన ఎత్తో తెలియదు. మనం నమోదు చేసిన విలువనే అది నిలబెడుతుంది, ఆ విలువ తప్పయితే తప్పునే నమ్మకంగా కాపాడుతుంది. ఆ తప్పు దూరే దారి ఇది: 800 నానోమీటర్ల కాంతిలో ఒక ముక్క పక్కదానికంటే సరిగ్గా 400 నానోమీటర్లు ఎత్తుగా ఉంటే, కాంతి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ తేడాను దాటుతుంది కాబట్టి పథభేదం (కాంతి నడిచిన దూరంలో తేడా) ఒక పూర్తి తరంగదైర్ఘ్యమై, ఆ విలువ కోసం నక్షత్ర కాంతితో ఎత్తులు కొలిచే పరికరం తేడా సున్నా అని చూపిస్తుంది. అదే ముక్కను 700 నానోమీటర్ల ఫిల్టర్‌తో చూస్తే 100 నానోమీటర్ల పథభేదం మిగిలి కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చడానికి పట్టేది కొద్ది నిమిషాలే. అయినా ఆ పని ఎవరూ ముందు చేయరు.

పరిష్కారం కోసం మొదట వెడల్పాటి వర్ణపట్టీ ఉన్న (అనేక రంగులు కలిసిన) కాంతిని వాడి, ముక్కను అంచెలంచెలుగా ఎత్తుతూ దించుతూ, అంచు దగ్గరి వ్యతికరణ చారలు (రెండు ముక్కల కాంతి కలిసి ఏర్పరిచే వెలుగునీడల గీతలు) ఎక్కడ అత్యంత స్పష్టంగా ఉంటాయో ఆ ఎత్తును పట్టుకోవాలి. తరువాతే ఇంచుమించు ఒకే రంగును వదిలే సన్నని పట్టీ ఫిల్టర్‌తో మెరుగుపరచి, రెండో ఫిల్టర్‌తో సరిచూసి, అప్పటి సెన్సర్ రీడింగులను కొత్త విలువలుగా నమోదు చేయాలి. పూత కోసం ముక్కను మార్చిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయవలసిందే. చిలీలో 798 ముక్కలతో కడుతున్న భారీ టెలిస్కోపు ఈఎల్‌టీలో ఈ పని ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

యాక్చుయేటర్ మొరాయించడం, గాజు వంగడం లాంటివి అరుదు; రెండో ఫిల్టర్‌లోనూ తేడా లేదని తేలాకే వాటి జోలికి వెళ్లండి.