నరానికి ఎక్కించే ఎముకల మందుల్లో మీకు ఏది సరిపోతుందో ఇలా పోల్చుకోండి

జోలెడ్రోనిక్ యాసిడ్, ఐబాండ్రోనేట్, పామిడ్రోనేట్, ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగేముందు మందు ఏ జబ్బుకి రాశారో కనుక్కోండి. ఎముకలు గుల్లబారినందుకా, క్యాన్సర్ ఎముకలకు పాకినందుకా? అది తెలియకుండా పోల్చి లాభం లేదు, ఎందుకంటే జోలెడ్రోనిక్ యాసిడే గుల్లబారిన ఎముకలకైతే ఏడాదికి ఒక్కసారి 5 మిల్లీగ్రాములు, క్యాన్సర్‌లో అయితే సాధారణంగా మూడు నాలుగు వారాలకోసారి 4 మిల్లీగ్రాములు. మా అమ్మకి రాసినప్పుడు పక్కింటావిడ తన చీటీ చూపించి "నాకు నెలనెలా ఎక్కిస్తున్నారు, మీకేంటి ఏడాదికోసారి" అంటే రెండు రోజులు టెన్షన్ పడ్డాం. ఆవిడది క్యాన్సర్ డోసు.

గుల్లబారడానికైతే పోటీ జోలెడ్రోనిక్‌కీ ఐబాండ్రోనేట్‌కీ మధ్యే. మొదటిది కనీసం 15 నిమిషాల డ్రిప్. రెండోది 3 మిల్లీగ్రాములు, మూడు నెలలకోసారి, అర నిమిషంలోపే నరంలోకి ఇచ్చేస్తారు. సులువుగా ఉంది కదా అని దానివైపు మొగ్గకండి. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ల మీద జరిగిన హొరైజన్ అధ్యయనంలో (2007) మూడేళ్లలో జోలెడ్రోనిక్ వెన్నుపూస విరుగుళ్లను 70 శాతం, తుంటి విరుగుళ్లను 41 శాతం తగ్గించింది. ఐబాండ్రోనేట్‌కి వెన్నుపూస విషయంలో ఆధారం ఉంది గానీ తుంటి విషయంలో అలాంటి రుజువు లేదు. పెద్దవాళ్లని మంచాన పడేసేది తుంటే కాబట్టి, కిడ్నీలు బాగుంటే నా ఓటు జోలెడ్రోనిక్‌కే.

క్యాన్సర్‌లో పామిడ్రోనేట్ 90 మిల్లీగ్రాములు ఎక్కడానికి కనీసం రెండు గంటలు, మైలోమా అనే ఒకరకం రక్త క్యాన్సర్‌లో నాలుగు గంటలు పడుతుంది, జోలెడ్రోనిక్‌కి పావుగంట చాలు. ఎముకల్ని కాపాడటంలో రెండూ దాదాపు సమానమే.

ఇక అన్నిటికంటే ముఖ్యం కిడ్నీ. రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) 1.0 అని ఉంటే "నార్మలే" అని వదిలేయకండి, కిడ్నీల వడపోత ఎంతుందో లెక్క కట్టండి. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చవేసి, 72ని క్రియాటినిన్‌తో హెచ్చవేస్తే వచ్చిన దానితో భాగించాలి, ఆడవాళ్లకైతే ఆ వచ్చినదాన్ని మళ్లీ 0.85తో హెచ్చవేయాలి. 75 ఏళ్లు, 42 కిలోల బామ్మకి క్రియాటినిన్ 1.0 అయినా లెక్క 32 దగ్గరే తేలుతుంది. 35 కంటే తక్కువుంటే ఏడాది డోసు జోలెడ్రోనిక్ ఇవ్వకూడదు, 30 కంటే తక్కువుంటే ఐబాండ్రోనేట్ కూడా వద్దంటారు. ఈ అంకె వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఏ మందైనా సరే, రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించుకున్నాకే ఎక్కించుకోండి, తక్కువుంటే ముందు అది సరిచేయాలి. పన్ను పీకించుకోవాల్సి ఉంటే ఆ పని ముందే అయిపోవాలి, ఎందుకంటే తర్వాత దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెట్టొచ్చు, క్యాన్సర్ డోసుల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఎక్కించుకునే రోజు నీళ్లు బాగా తాగండి.

మొదటి డోసు తర్వాత జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. అమ్మకి ఆ రాత్రే వచ్చింది, డాక్టర్ చెప్పినట్టు పారాసిటమాల్ వేస్తే మూడో రోజుకి లేచి తిరిగింది. రెండో ఏడాది అంత బాధ లేదు. కానీ ఎప్పుడైనా తొడలోనో గజ్జలోనో కొత్తగా నొప్పి మొదలై వదలకపోతే మాత్రం మోకాళ్ల నొప్పుల్లో కలిపేయకుండా వెంటనే ఎక్స్‌రే తీయించండి, ఈ మందులు ఏళ్ల తరబడి వాడితే అరుదుగా తొడ ఎముక విరగవచ్చు.