షుగర్ అదుపులో ఉంది సరే, మరి రక్తనాళాల సంగతి?

పరగడుపు షుగర్ 110 వచ్చిందంటే చాలామంది ఇక భయం లేదనుకుంటారు. గుండెకు, మెదడుకు, కాళ్లకు వెళ్లే పెద్ద నాళాలు పూడుకుపోవడంలో బీపీ, చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్), పొగతాగడం కూడా షుగర్‌కి ఏమాత్రం తీసిపోవు.

షుగర్ ఉన్న వయోజనుల్లో ఎక్కువమందికి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 7 శాతం లోపు, బీపీ 130/80 లోపు, ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపుకి తేవాలి. బాగా పెద్దవయసు వాళ్లకు, షుగర్ తరచూ పడిపోయేవాళ్లకు డాక్టర్లు హెచ్‌బీఏ1సీ లక్ష్యాన్ని కొంచెం సడలిస్తారు.

బీపీ చూసుకునే ముందు అరగంట కాఫీ, టీ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి అయిదు నిమిషాలు కూర్చోండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను మించకూడదు. ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పూ ఈ లెక్కలోదే.

కొలెస్ట్రాల్ తగ్గిందని స్టాటిన్ మాత్ర ఆపేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. తగ్గింది మాత్ర వల్లే కదా!

ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసి రెటీనా పరీక్ష, కిడ్నీల కోసం రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి (మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని చూసేది) చేయించాలి. ఆ నిష్పత్తి 30 దాటితే కంగారు వద్దు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. అవి తగ్గాక మళ్లీ చేయించండి.

అందరూ అశ్రద్ధ చేసేది పాదాలనే. స్పర్శ తగ్గిన కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు, రక్తం సరిగా అందక పుండు మానదు. రోజూ రాత్రి అరికాలి కింద అద్దం పెట్టి చూడండి. కడిగాక వేళ్ల సందులు పొడిగా తుడవండి. మడమలకు కొబ్బరినూనె రాయండి, సందుల్లో మాత్రం వద్దు. ఆనెకాయల్ని బ్లేడుతో కోయొద్దు. వేడినీళ్ల కాపడం పెట్టొద్దు. ఎండాకాలం మధ్యాహ్నం గుడి ప్రదక్షిణలకు ఉత్త కాళ్లతో వెళ్తే బొబ్బలెక్కినా తెలియదు. తెల్లవారుజామునే వెళ్లి రండి. చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలికి ఉంగరంలాంటి పట్టీ ఉండి ఒరుసుకునే చెప్పులు వద్దు.

నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే కాలి నాళం సన్నబడిందేమో చూపించుకోవాలి. వేలు నల్లబడినా, పాదం చల్లబడినా, పుండు చుట్టూ ఎర్రబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.