ఏడాది బాబుతో తండ్రి రోజు గడపడం ఎలా?

ఏడాది నిండిన బాబును చూసుకునే తండ్రి ముందుగా నేల మీద కూర్చుని, ఇంటిని వాడి కళ్ల ఎత్తు నుంచి పరిశీలించాలి. అప్పుడే వేలాడే తీగలు, మూలన పడిన నాణేలు, లాగితే మీద పడే అరలు కనిపిస్తాయి. గుండ్రటి పండ్లు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసి, వాడిని కూర్చోబెట్టి, పక్కనే ఉండి తినిపించాలి. ఎంత తినాలన్నది వాడికే వదిలేయడం మేలు. తల తిప్పుకున్నాక బతిమాలి పెట్టే ముద్ద సాధారణంగా మన చొక్కా మీదకే చేరుతుంది.

పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర అవసరమనీ, ఈ వయసులో తెరల ముందు కూర్చోబెట్టడం తగదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అందువల్ల ఆటకు ఖాళీ డబ్బాలు, మూతలు చాలు. స్నానం చేయించేటప్పుడు ఫోన్ మోగినా వాడిని వదిలి వెళ్లకూడదు, ఎందుకంటే కొద్దిపాటి నీళ్లలోనూ పిల్లలు మునిగిపోగలరు.

పనికి బయలుదేరేటప్పుడు వాడి కన్నుగప్పి జారుకోవడం సులువుగా తోచినా, మళ్లీ వస్తానని చెప్పి, ఆ ఏడుపును భరించి వెళ్లడమే సరైనదని నా అభిప్రాయం. చెప్పకుండా మాయమైతే, మీరు గది దాటిన ప్రతిసారీ వాడు బెంగపడి మిమ్మల్ని వదలడు.