న్యూయార్క్ తీరంలోని మాంటాక్ రాళ్ల మీంచి డార్టర్ (చేపలకు విసిరే కృత్రిమ ఎర) విసిరే ముందు

• ముందు నీటి ఒరవడి చూడండి. డార్టర్‌కు మూతి దగ్గర రేకు ఉండదు. వాలుగా కోసిన తలకు నీరు ఒత్తితేనే అది అటూ ఇటూ దూకుతుంది. నీరు కదలకపోతే సంచిలోంచి తీయకండి, వేరే ఎర వాడండి.

• ఒరవడికి అడ్డంగా విసిరి, రీలు నిదానంగా తిప్పండి. ఎర బరువు చేతికి తెలుస్తుంటే చాలు. తొందరపడి లాగితే దాని ఆట చెడుతుంది.

• చీకటి రాత్రికి నలుపు, కాస్త వెలుగుంటే పసుపు. రంగు గురించి వాదనలకు అంతే లేదు గానీ, నా మటుకు వేగమే ముఖ్యం.

• గాలం కొన దగ్గరి ఎదురు ముళ్లు (బార్బులు) నొక్కేయండి.

• నాచు రాళ్లకు మేకుల బూట్లు, వేడర్ (నీళ్లలో దిగేందుకు వేసుకునే నీరు చొరని దుస్తు) మీద బిగుతైన బెల్టు తప్పనిసరి. ఒంటరిగా దిగొద్దు.

• కొలత టేపు పెట్టుకోండి: 2023 నుంచి న్యూయార్క్ సముద్ర తీరంలో 28–31 అంగుళాల స్ట్రైప్డ్ బాస్ (చారల చేప) మాత్రమే ఉంచుకోవచ్చు, అదీ రోజుకు ఒక్కటే.