అమెరికాలో డిగ్రీ: పేరుమోసిన ప్రైవేటు యూనివర్సిటీయా, పెద్ద స్టేట్ యూనివర్సిటీయా? తేల్చుకోవడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. “అమ్మాయికి ఫలానా ప్రైవేటు యూనివర్సిటీలో సీటు వచ్చింది, మా స్టేట్ యూనివర్సిటీలోనూ వచ్చింది, ఎందులో చేర్పించమంటారు?” అడిగేవారికి ర్యాంకుల పట్టిక కంఠతా వచ్చు. ఆర్థిక సాయం లేఖ రెండో పేజీ మాత్రం తిప్పి చూసి ఉండరు. చివర చూడాల్సింది ముందు చూసి, ముందు చూడాల్సింది అసలు చూడకపోవడం వల్లే ఈ గందరగోళమంతా.

కావలసినవి

రెండు కాలేజీల ఆర్థిక సాయం లేఖలు, ఒక కాగితం, పెన్ను. స్ప్రెడ్‌షీట్ వద్దు. క్యాంపస్ వాతావరణానికి పది మార్కులు, పేరుప్రతిష్ఠలకు ఇరవై వేసుకుని, ముందే మనసుపడ్డ కాలేజీ నెగ్గేదాకా ఆ మార్కులను సవరిస్తూ కూర్చునే తండ్రులను చాలామందిని చూశాను.

మొదట: ర్యాంకులు పక్కన పెట్టండి

పెద్ద పేరున్న కాలేజీలో చదివితే జీతం దానంతటదే పెరుగుతుందని నమ్మేవారు పరిశోధకులు స్టేసీ డేల్, అలన్ క్రూగర్‌లు 2002లో ప్రచురించిన అధ్యయనం గురించి తెలుసుకోవాలి. ఒకే స్థాయి కాలేజీల్లో సీటు వచ్చిన విద్యార్థుల్లో కొందరు ఎక్కువ పేరున్న చోట చేరారు, కొందరు చేరలేదు. తర్వాత వారి సంపాదనల్లో పెద్ద తేడా కనిపించలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం లాభం కనిపించింది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో ఇంకో సంగతి చేర్చింది. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ స్థాయి కాలేజీలో చేరినంత మాత్రాన సగటు జీతం పెద్దగా మారదు కానీ, అత్యధిక సంపాదనపరుల్లో చేరే అవకాశం, పేరున్న సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం బాగా పెరుగుతాయి. మీ అబ్బాయి గురి వాల్ స్ట్రీట్ అయితే ఆ పేరుకు విలువ ఉంది. సివిల్ ఇంజినీరు కావాలనుకుంటే దాని కోసం అప్పు చేయనక్కర్లేదు.

తర్వాత: తరగతుల పరిమాణం

కాలేజీ పేరుతో పాటు ‘కామన్ డేటా సెట్’ అని వెతకండి, అది కాలేజీ తన గణాంకాలను ఒకచోట పెట్టే పత్రం. అందులోని ‘ఐ’ (I) భాగంలో ఎంతమంది విద్యార్థులతో ఎన్ని తరగతులు నడుస్తున్నాయో ఉంటుంది. ప్రచార పుస్తకంలో గర్వంగా వేసుకునే విద్యార్థి-అధ్యాపక నిష్పత్తి కంటే ఇది నయం. పెద్ద తరగతులు స్టేట్ యూనివర్సిటీల్లోనే ఉంటాయనుకోకండి, హార్వర్డ్‌లో సీఎస్50 అనే కంప్యూటర్ సైన్స్ పరిచయ కోర్సుకు కూడా వందల మంది కూర్చుంటారు. అదే పత్రంలో పట్టా పూర్తిచేసేవారి శాతం కూడా ఉంటుంది. అందరూ చెప్పేది ఆరేళ్లలో పూర్తిచేసేవారి లెక్క. మీరు నాలుగేళ్ల లెక్క చూడండి, అయిదో ఏడాది ఫీజు కట్టేది మీరే కదా.

విభాగం తలుపు తెరిచి ఉందా?

యూనివర్సిటీలో సీటు వేరు, కోరుకున్న మేజర్‌లో (ప్రధానంగా చదివే సబ్జెక్టులో) సీటు వేరు. పెద్ద స్టేట్ యూనివర్సిటీల్లో దెబ్బ తగిలేది ఇక్కడే. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కంప్యూటర్ సైన్స్‌కు మొదట్లోనే ఎంపిక కాకపోతే తర్వాత మారడం చాలా కష్టం. టెక్సస్ ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్ విద్యార్థులు ముందు ఉమ్మడిగా చేరి, మొదటి ఏడాది తర్వాత బ్రాంచీ కోసం పోటీ పడతారు. ప్రైవేటులో చాలాచోట్ల రెండో ఏడాదిలో ఇష్టం వచ్చిన మేజర్ ప్రకటించుకోవచ్చు. మీ బిడ్డకు ఏం చదవాలో ఇంకా తేలకపోతే ఈ సౌకర్యం విలువైనదే. స్టేట్ యూనివర్సిటీ లోపలే ప్రతిభావంతుల కోసం విడిగా నడిపే ఆనర్స్ కాలేజీలో సీటు వచ్చి ఉంటే (అరిజోనా స్టేట్‌లో బారెట్, పెన్ స్టేట్‌లో ష్రేయర్ లాంటివి) దాన్ని మూడో కాలేజీగా లెక్కించండి, చిన్న తరగతులు అక్కడా దొరుకుతాయి.

అసలు చిక్కు: ఆర్థిక సాయం లేఖ

ఇక్కడ తొందరపడకండి. కాలేజీ పంపే లేఖలో గ్రాంటు (తిరిగి కట్టనక్కర్లేని డబ్బు), అప్పు, క్యాంపస్ పనికి ఇచ్చే డబ్బు (వర్క్-స్టడీ) అన్నీ ‘సాయం’ అనే ఒకే శీర్షిక కింద ఉంటాయి. ఉదాహరణకు ఒక ప్రైవేటు కాలేజీ లేఖ ఇలా ఉందనుకుందాం: ఏడాది మొత్తం ఖర్చు 90,000 డాలర్లు, గ్రాంటు 48,000, వర్క్-స్టడీ 3,000, విద్యార్థి పేర ఫెడరల్ రుణం 5,500, తల్లిదండ్రుల పేర రుణం 33,500. చివరి వరుసలో ‘మీరు చెల్లించాల్సింది: 0’.

ఆ సున్నా చూసి మురిసిపోకండి. పెన్ను తీసుకుని రుణాల వరుసలు కొట్టేయండి. వర్క్-స్టడీ కూడా కొట్టేయండి, అది మీ బిడ్డ గంటల లెక్కన పనిచేసి తెచ్చుకోవాల్సిన జీతం. మిగిలింది గ్రాంటు ఒక్కటే. అంటే మీ ఖర్చు ఏడాదికి 42,000. మీ స్టేట్ యూనివర్సిటీ గ్రాంటు ఏమీ ఇవ్వకుండా 34,000 అడుగుతోందనుకుంటే, తేడా 8,000. ‘90 వేలెక్కడ, 34 వేలెక్కడ’ అంటూ లేఖ విప్పకుండానే ప్రైవేటును కొట్టిపారేసినవారూ, ‘సున్నా’ చూసి సంతకం పెట్టినవారూ ఇద్దరూ పొరబడినట్టే.

ఇప్పుడు నాలుగుతో హెచ్చవేసి ఊరుకుంటే మళ్లీ పప్పులో కాలేసినట్టే. ఖర్చులు ఏటా పెరుగుతాయి, గ్రాంటు పెరుగుతుందన్న హామీ ఉండకపోవచ్చు. ఏటా 4 శాతం పెరిగి గ్రాంటు 48,000 దగ్గరే ఆగిపోతే, ఆ ప్రైవేటు కాలేజీకి నాలుగేళ్లలో మీరు కట్టేది 1,68,000 కాదు, దాదాపు 1,90,000. స్టేట్ యూనివర్సిటీకి అదే లెక్కన 1,44,000 పైచిలుకు. ఏడాదికి 8,000గా కనిపించిన తేడా నాలుగేళ్లకు 46,000 దాకా వెళ్లింది.

కాబట్టి ఆర్థిక సాయం కార్యాలయానికి ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో అడగవద్దు, జవాబు రాతలో ఉండాలి. గ్రాంటు నాలుగేళ్లూ ఉంటుందా? ఖర్చుతో పాటు పెరుగుతుందా? ప్రతిభా స్కాలర్‌షిప్ అయితే నిలబెట్టుకోవడానికి జీపీఏ ఎంత ఉండాలి? బయటి స్కాలర్‌షిప్ వస్తే ఆ మేరకు గ్రాంటు తగ్గిస్తారా? పెద్దబ్బాయి కూడా ఇప్పుడు కాలేజీలోనే ఉంటే, వాడి చదువు అయిపోయాక గ్రాంటు ఏమవుతుంది? ప్రభుత్వ సాయం లెక్కగట్టే ఫెడరల్ సూత్రం 2024-25 నుంచి ఇంట్లో ఒకేసారి ఎంతమంది చదువుతున్నారన్నది లెక్కలోకి తీసుకోవడం మానేసింది కానీ, సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే అదనపు సాయం దరఖాస్తు వాడే ప్రైవేటు కాలేజీలు కొన్ని ఇప్పటికీ చూస్తాయి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలకు ఇంకో మెలిక ఉంది. వారికి ఫెడరల్ సాయం రాదు. రాష్ట్రవాసుల ఫీజు వర్తించేదీ లేనిదీ రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. 21 ఏళ్లు నిండి విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాక కూడా అదే ఫీజు కొనసాగుతుందా అని యూనివర్సిటీని ముందే అడిగి, జవాబు దాచుకోండి.

హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల మార్కులూ డబ్బే. చాలా స్టేట్ యూనివర్సిటీలు వాటికి ధారాళంగా క్రెడిట్ ఇస్తాయి, ఒక సెమిస్టరు కలిసిరావచ్చు. కాల్‌టెక్, డార్ట్‌మత్ లాంటివి ఇవ్వవు.

ప్రైవేటు కాలేజీ గ్రాంటు చాలకపోతే పునఃపరిశీలన కోరవచ్చు. ఉద్యోగం పోయిందనో, వైద్య ఖర్చులు పెరిగాయనో కాగితాలతో సహా చూపించాలి. ‘పక్క కాలేజీ ఎక్కువ ఇస్తోంది’ అని బేరమాడినట్టు మొదలుపెట్టకండి, ఆ లేఖను చివర జతచేస్తే చాలు.

చివరగా

లెక్క తేలాకే క్యాంపస్ చూడండి. సీటు వచ్చినవారి కోసం పెట్టే పండుగ రోజున కాకుండా మామూలు మంగళవారం నాడు వెళ్లి, మీ బిడ్డ చదవబోయే విభాగంలో మొదటి ఏడాది తరగతి ఒకటి వినండి. చాలా కాలేజీలకు మే 1 గడువు. డిపాజిట్ ఒక్కచోటే కట్టి, మిగతా కాలేజీలకు అదే రోజు రావడం లేదని తెలియజేయండి.